మట్టెవాడ నుంచి వెబర్ మేడం దాకా

జర్మనీ
9 మార్చి 2025

బావకు,

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం, మళ్ళీ ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే అక్క ఎత్తుతుంది. అక్క చేతిలోంచి సరళ లాక్కుంటుంది. వాళ్ళిద్దరి మాటలూ అయ్యి నీ వంతు వచ్చేసరికి నువ్వు షాపులో ఉంటావు, వెనక జిరాక్స్ మిషన్ మోగుతుంటుంది, నేనేం చెప్పినా "ఆఁ, సరే సరే, ఫికర్ చెయ్యకు" అంటావు. పోయిన నెల గది అద్దె పెరిగిందని చెబితే "మంచిదే, మరి స్వీట్లేవి?" అన్నావు. ఇప్పుడు చెప్పబోయేది అలా చెవి పక్కనుంచి పోవాల్సిన సంగతి కాదు. పైగా ఈ దేశంలో ఆఫీసులు ఏం చెప్పాలన్నా పోస్టులోనే చెబుతాయి. పక్క వీధిలో ఉన్న ఆఫీసు కూడా ఉత్తరమే రాస్తుంది. రెండేళ్ళు వాళ్ళతో మెలిగి నాకూ ఆ జబ్బు అంటుకుంది.

నా బిడ్డ సరళను నా దగ్గరికి తెచ్చుకోవడానికి దారి దొరికింది బావా. ఇన్నాళ్ళూ వృద్ధాశ్రమంలో నర్సులకిచ్చే ఒంటి గదిలో ఉన్నాను కదా, ఇప్పుడు రెండు గదుల ఇల్లు తీసుకున్నాను. పిల్లకు సరిపడా జాగా ఉందని ఇంటావిడ టేపు పట్టి కొలిచి సంతకం చేసి ఇచ్చింది. మా ఫైలు చూసేది విదేశీయుల ఆఫీసులో వెబర్ మేడం అని ఒకావిడ. ఆవిడ నవ్వదు, కోప్పడదు, కాగితం చూస్తుంది, అంతే. విడాకులప్పుడు పిల్లను నాకు అప్పగిస్తూ కోర్టు ఇచ్చిన కాగితం నా దగ్గరే ఉంది. ఇక కావలసిందల్లా సరళ జనన ధ్రువపత్రం. అదీ అసలుది. ఫోన్లో ఉన్న ఫొటో చూపిస్తే "ఇది ఫొటో" అని తిరిగి ఇచ్చేసింది.

మే 6న మళ్ళీ రమ్మంది. ఆ రోజుకి కాగితం సరిగ్గా ఉంటే ఆగస్టు చివర బడి తెరిచేసరికి సరళ ఇక్కడ ఉంటుంది. లేదంటే మళ్ళీ పిలిచేది చలికాలంలోనే, బడి ఏడాది పోయినట్టే. నేను వచ్చేటప్పుడు దానికి ఐదేళ్ళు. పాలపళ్ళు ఊడడం ఫోన్లోనే చూశాను, కొత్తవి రావడమూ ఫోన్లోనే చూస్తున్నాను. ఇంకో ఏడాది అలా చూడలేను.

మున్సిపాలిటీలో ఆ కాగితం తీసుకుని కొరియర్ చెయ్యి. అక్కకు నువ్వే నెమ్మదిగా చెప్పు.

నీ మరదలు
యమున

*

మట్టెవాడ, వరంగల్
20 మార్చి 2025

మరదలు యమునకు రమాకాంత్ బావ దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం, మీ అక్క మోకాళ్ళు తప్ప.

నీ ఉత్తరం కౌంటర్ మీద పెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించాను. జిరాక్స్, లామినేషన్, స్పైరల్ బైండింగ్, ఆన్‌లైన్ అప్లికేషన్లు అని బోర్డు పెట్టుకుని ఇరవై ఏళ్ళుగా కూర్చున్నవాడికి కాగితం ఎలా పంపాలో చెబుతున్నావు. మట్టెవాడలో సగం మంది పుట్టినట్టు, పెళ్ళైనట్టు, పోయినట్టు రుజువులు నా షాపు గడప దాటే వెళ్ళాయి. మీ వెబర్ మేడం ఒకసారి ఇటు వస్తే బాగుండేది, నాలుగు సంగతులు తెలుసుకునేది.

సరళ నువ్వు నేర్పిన జర్మన్ అంకెలు వదలడం లేదు. ఇడ్లీలు లెక్కపెడుతుంది, మెట్లు లెక్కపెడుతుంది, షాపుకొచ్చిన మనుషుల్ని వేలు పెట్టి లెక్కపెడుతుంది. మీ అక్క వంటింట్లోంచి "ఈ పోరి మనల తిడుతాందా ఏంది, ఏం సమజైతలేదు" అంటుంది. నీ ఉత్తరంలో సంగతి చెప్పినప్పుడు మాత్రం లోపలికి పోయి పప్పు మాడబెట్టింది.

కాగితం ఇందులో పెట్టాను. ఒట్టిగా పంపుతాననుకున్నావా. అంత దూరం ప్రయాణం, దారిలో ఎవడు తడి చేతులతో పడతాడో. అందుకని నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మందమైన షీటు వేసి, రెండు వైపులా గాలిబుడగ లేకుండా లామినేషన్ చేశాను. పెళ్ళి ఫొటోలకు కూడా ఆ షీటు వాడను. వెబర్ మేడం ముందు గ్లాసెడు నీళ్ళు పోసి చూపించు. చెక్కుచెదరదు.

బావ
రమాకాంత్

*

జర్మనీ
3 ఏప్రిల్ 2025

బావకు,

కాగితం వెబర్ మేడం దాకా పోనే లేదు. ఇక్కడ మన కాగితాల్ని జర్మన్‌లోకి మార్చడానికి కోర్టులో ప్రమాణం చేసిన అనువాదకులు ఉంటారు. వాళ్ళు అసలు కాగితం చేత్తో పట్టుకుని చూసి, ముద్ర నిజమైన సిరాదో కాదో తేల్చుకున్నాకే రాస్తారు. నేను కలిసినాయన నీ కాగితాన్ని గోటితో తట్టాడు. దీపం కింద పెట్టాడు. వాసన కూడా చూశాడు. "లోపల ఏదో కాగితం ఉన్నట్టుంది, అది బయటికి వచ్చాక తీసుకురండి" అన్నాడు.

నాతో పనిచేసే అమ్మాయి జుట్టు ఆరబెట్టే మిషన్‌తో వేడి చేస్తే ప్లాస్టిక్ విడిపోతుందని చెప్పింది. చేశాను. కదల్లేదు. అప్పుడు గుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె పెట్టాను. విడిపోయింది. సరళ పేరు ఒక పొరతో వచ్చింది, పుట్టిన తేదీ ఇంకో పొరతో పోయింది. నీ పనితనాన్ని మెచ్చుకుంటూ కాసేపు నేల మీద కూర్చుండిపోయాను.

ఇంకొకటి తెచ్చి పంపు. దండం పెడతాను, దానికి ఏమీ చెయ్యకు. ఆఫీసువాళ్ళు చేతికి ఎలా ఇచ్చారో అలాగే కవర్లో పెట్టు. మే 6 ఎంతో దూరం లేదు.

అక్క మోకాళ్ళకు నేను పంపిన పట్టీలు వేసుకోమను. బీరువాలో దాచుకోవడానికి పంపలేదు.

యమున

*

మట్టెవాడ
16 ఏప్రిల్ 2025

యమునకు,

పిల్ల పేరు ఒక పొరతో, తేదీ ఒక పొరతో అని నువ్వు రాసింది చదివాక రెండు రోజులు ఆ మిషన్ మొహం చూడలేదు. వచ్చిన గిరాకీని పక్క షాపుకు పంపాను. మీ అక్క మాత్రం "నీళ్ళు పొయ్యుమని రాసినవు గద, పోసిందా మరి" అని అడిగి అడిగి చంపుతోంది.

కొత్త కాగితం పంపుతున్నాను. లామినేషన్ చెయ్యలేదు. షాపులోకే తీసుకుపోలేదు, ఇంటి నుంచే కొరియర్‌కు ఇచ్చాను. అయితే ఒట్టి కాగితం పంపితే వాళ్ళు మళ్ళీ గోటితో తట్టి అనుమానపడతారని అనిపించింది. అందుకని మడికొండలో ఇల్లు కట్టుకున్న యాదగిరి సార్ దగ్గరికి పోయాను. సార్ గెజిటెడ్ ఆఫీసర్. ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి, హోదా రాసి, గుండ్రటి ముద్ర వేశాడు. మొదటిది సరిగ్గా పడలేదని ఇంకొకటి కూడా వేశాడు. చాయ్ తాగించి పంపాడు, ఎంత మర్యాదస్తుడో.

మీ అక్క కవరును దేవుడి గూట్లో పెట్టి, దండం పెట్టుకుని తెచ్చి ఇచ్చింది. నేను మళ్ళీ తెరవలేదు, అంటించి పంపేశాను. ఇక నీకు అడ్డు లేదు.

బావ

*

జర్మనీ
7 మే 2025

బావా,

నిన్న ఏం జరిగిందో చెబుతాను, విను. ఇంకొకటి తెప్పించే వ్యవధి లేక నువ్వు పంపిన కాగితమే పట్టుకుపోయాను.

వెబర్ మేడం కాగితాన్ని బల్ల మీద పరిచి, "ఈ నాలుగు మూలలా పచ్చగా ఏమిటి?" అని అడిగింది. పసుపు అన్నాను. మంచి పనికి పోయే కాగితానికి పెట్టే ఆచారం అన్నాను. "ఎవరు పెట్టారు?" అంది. మా అక్క అన్నాను. "ఏ అధికారంతో?" అంది. 

తర్వాత యాదగిరి సార్ వేసిన ముద్రలు చూసింది. అనువాదకుడు ప్రమాణం చేసిన మనిషి కదా, ఉన్నది ఉన్నట్టు రాశాడు: పశువైద్యాధికారి, పశువుల దవాఖాన. వెబర్ మేడం కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, "పాప పుట్టినప్పుడు పశువుల డాక్టర్ ఉన్నారా?" అని అడిగింది. లేరన్నాను. మా దగ్గర గెజిటెడ్ ఆఫీసర్ ఎవరైనా సరే, జిరాక్స్ కాపీ అసలు కాగితంలాగే ఉందని సంతకం పెట్టవచ్చని చెప్పాను. "కానీ ఇది కాపీ కాదు. అసలు కాగితం అసలుదేనని పశువుల డాక్టర్ ఎందుకు చెప్పారు?" అంది. నేను కిటికీ బయటికి చూశాను. ఆఫీసు ఇచ్చాక ఇంకొకరి చెయ్యి పడిన కాగితం చెల్లదని రాసి, ముద్ర వేసి, నా చేతికి ఇచ్చింది. అపాయింట్‌మెంట్ అయిపోయింది.

మొదటిసారి పొరపాటు అనుకున్నాను. రెండోసారి ఏమీ చెయ్యకు అని రాశాను, దండం పెడతాను అని కూడా రాశాను. అసలు కాగితం మీద అటెస్టేషన్ చేయించకూడదని షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేది నువ్వే. నేను విన్నాను ఆ మాట, ఆ కౌంటర్ పక్కన స్టూలు మీద కూర్చుని నర్సింగ్ అప్లికేషన్ నింపిన రోజుల్లో. పిల్లను పంపడం మీకిద్దరికీ ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పండి. కాగితాలు ఎందుకు పాడు చేస్తారు? అది నా కూతురు బావా.

యమున

*

మట్టెవాడ
17 మే 2025

యమునా,

పంపడం మాకు ఇష్టం లేదు. అడిగావు కనుక చెబుతున్నాను. రెండేళ్ళుగా పొద్దున లేస్తే జడ వేసేది మీ అక్క. బండి మీద బడికి దింపేది నేను. పిల్ల ముందు నిలబడి దారిలో కనిపించిన ప్రతివాడికీ నమస్తే పెడుతుంది, నేను పేరు తెలియనివాళ్ళకు కూడా ఆగి బాగున్నారా అనాలి. అటువంటి పిల్లను పంపమంటే ఎవరికి ఇష్టమవుతుంది?

కానీ పిల్ల నీది. ఆ సంగతి మేం మరిచిన రోజు లేదు. దానికోసం కాగితం పాడు చేసే మనిషినని నువ్వు అనుకున్నావు చూడు, ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

అసలు మీద అటెస్టేషన్ చేయించకూడదని నాకు తెలుసు. తెలిసీ చేయించాను. ఇక్కడైతే ఏ కౌంటర్‌లో ఎవరున్నారో, ఎవరికి ఎలా చెప్పాలో నాకు తెలుసు. అక్కడ నాకెవరూ తెలియదు. నా చేతిలో ఉన్న ఒక్క పెద్దమనిషి యాదగిరి సార్. ఆయన సంతకం ఉంటే కాగితానికి బలం వస్తుందనుకున్నాను. నీ పని ఎక్కడ ఆగిపోతుందోనన్న భయంలో ఇరవై ఏళ్ళ తెలివి ఎటో పోయింది.

పసుపు సంగతి నాకు నిజంగా తెలియదు. మీ అక్కను అడిగాను. "పసుపు పెట్టకుంట ఎట్ల పంపుతరు, అదేమన్న చావు కబురా?" అన్నది. ఆమెకు పంపడం ఇష్టం లేదు. అయినా పసుపు పెట్టింది. అది ఒకసారి ఆలోచించుకో.

మళ్ళీ అప్లికేషన్ పెట్టాను.

రమాకాంత్

*

జర్మనీ
29 మే 2025

బావకు, అక్కకు,

నేను అనకూడని మాట అన్నాను. మీ మీద కోపం కాదు అది, వెబర్ మేడం మీది. ఆవిడ ముందు చూపించలేక మీ మీద చూపించాను. మీ ఉత్తరం జేబులో పెట్టుకుని డ్యూటీకి పోయాను. ఆశ్రమంలో ఒక ముసలాయన, నా చేత్తో అన్నం తినేవాడు, "ఇవాళ ఉప్పు ఎక్కువైంది, ఏడ్చావా?" అని అడిగాడు. వంట నేను చెయ్యను కదా తాతా అంటే వినడు.

మర్నాడే వెబర్ మేడం దగ్గరికి పోయాను. పిలవకుండా పోతే లోపలికి రానివ్వరు. వరండాలో కూర్చుని ఆవిడ భోజనానికి బయటికొచ్చేదాకా ఆగాను. అక్క అన్న మాట చెప్పాను. చావు కబురుకు తప్ప, మంచి కబురు మోసే ప్రతి కాగితానికీ మా ఇంట్లో పసుపు పెడతారని, పిల్లను వదలలేని మనిషే ఆ పసుపు పెట్టిందని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. లోపలికి పోయి కంప్యూటర్ చూసి, ఎవరో రద్దు చేసుకున్న జూన్ 24 నాకు రాసిచ్చింది. చలికాలం దాకా ఆగనక్కర్లేదు.

అయితే ఇంకో కాగితం అడిగింది. ఇన్నాళ్ళూ పాపను పెంచినవాళ్ళకు, పాప ఇక్కడికి రావడంలో అభ్యంతరం లేదని వాళ్ళే రాసివ్వాలట. కోర్టు కాగితం ఉంది కదా అన్నాను. "అది చట్టం కోసం. ఇది పాప కోసం" అంది.

ఇంకొకటి. సరళ ఒక్కతే రాలేదు కదా. నాకు ఇప్పట్లో సెలవు ఇవ్వరు. నువ్వే తీసుకురావాలి బావా. అక్క ఆ మోకాళ్ళతో విమానంలో అంతసేపు కూర్చోలేదు. లేకపోతే ఇద్దరినీ రమ్మనేదాన్ని.

మీ
యమున

*

మట్టెవాడ
9 జూన్ 2025

మరదలు యమునకు,

నీకు కోపం వస్తే నామీద కాక ఇంకెవరి మీద చూపిస్తావు. బావను దేనికి పెట్టుకున్నారు. ఆ సంగతి ఇక్కడితో వదిలెయ్యి.

జనన ధ్రువపత్రం రెండు అట్టల మధ్య పెట్టి పంపుతున్నాను. ఆఫీసులో తీసుకున్నది నేను, అట్టల మధ్య పెట్టింది నేను, కొరియర్‌కు ఇచ్చింది నేను. మీ అక్కను దూరం నుంచే దండం పెట్టుకోమన్నాను. యాదగిరి సార్ దారిలో కనబడి "జర్మనీల మన ముద్ర నడిచిందా?" అని అడిగితే మస్తు నడిచిందని చెప్పాను. ఆయన సంతోషం నేనెందుకు చెడగొట్టాలి.

అభ్యంతరం లేదని రాయడం నాకు కొత్త కాదు. దాని నమూనా కంప్యూటర్లోనే ఉంటుంది. కరెంటు మీటర్ మార్చడానికి, పొలం పంచుకోవడానికి, పక్కవాడు మేడ మీద ఇంకో గది వేసుకోవడానికి, పేర్లు మార్చి ప్రింట్ తీసి ఇస్తుంటాను. అందులో సరళ పేరు కొట్టాను. చూస్తే పిల్ల పేరు కరెంటు మీటర్ ఉండాల్సిన చోట ఉంది. తుడిచేశాను. చేత్తో రాశాను. పిల్ల తల్లి దగ్గర ఉండడమే సరైనదని, మాకు బాధ ఉంది గానీ అభ్యంతరం లేదని రాశాను. ఆ బాధ మాట తీసెయ్యాలంటే చెప్పు, వేరేది రాసి పంపుతాను.

మీ అక్క సంతకం పెట్టనని కూర్చుంది. అభ్యంతరం లేకపోవడం ఏమిటి, చాలా ఉన్నాయంది. చివరికి ఆమె అభ్యంతరాలన్నీ వేరే కాగితం మీద రాస్తే సంతకం పెట్టింది. అది కూడా ఇందులో పెట్టాను. ఆదివారం తలకు నూనె పెట్టాలట. తుమ్మితే ఐస్‌క్రీం బంద్. బువ్వ పెట్టేటప్పుడు ఫోన్ ఇవ్వకూడదు. బతుకమ్మకు అక్కడ ఏ పూలు దొరికితే ఆ పూలతోనే పేర్చాలి. తిట్టాల్సి వస్తే తెలుగులోనే తిట్టాలి, లేకపోతే పిల్లకు తగలదట. ఇది నీకు మాత్రమే. వెబర్ మేడంకు చూపించకు.

నేను తీసుకొస్తాను. దానికి అడగాలా.

బావ

*

జర్మనీ
26 జూన్ 2025

బావకు, అక్కకు,

ఒప్పుకుంది. వెబర్ మేడం జనన ధ్రువపత్రాన్ని అటూ ఇటూ తిప్పి, మూలలు వెలుతురుకు పట్టి చూసి, ఏమీ లేదని తేలాక ఒక్క క్షణం నిరాశపడినట్టు నాకనిపించింది. బాధ ఉంది అన్న మాట తీసెయ్యనక్కర్లేదంది.

ఒక పొరపాటు జరిగింది. నేను అనువాదకుడికి కవరు మొత్తం ఇచ్చేశాను. ఆయన ప్రమాణం చేసిన మనిషి కదా, అక్క రాయించినవి కూడా అక్షరం వదలకుండా మార్చి, ముద్ర వేసి, నీ ఉత్తరానికి కుట్టి ఇచ్చాడు. వెబర్ మేడం అది చదువుతుంటే నేను బల్ల కిందికి చూస్తూ కూర్చున్నాను. చదివాక, "వీటిలో మీరు ఏవి ఒప్పుకుంటున్నారు?" అని అడిగింది. అన్నీ అన్నాను. అయితే కింద సంతకం పెట్టమంది. పెట్టాను. దాని మీద అందినట్టు ముద్ర వేసి ఫైల్లో పెట్టింది. కాబట్టి అక్కకు చెప్పు, తుమ్మితే ఐస్‌క్రీం బంద్ అన్నది ఇప్పుడు ఈ దేశపు ఫైల్లో ఉంది.

ఇక మీ ఇద్దరి వీసాలు. సరళది తేలిక, ఇక్కడి నుంచే అనుమతి పోతుంది. నీదే కష్టం. నువ్వు చూడడానికి వచ్చి తిరిగి పోతావని వాళ్ళకు నమ్మకం కుదరాలి. ఉద్యోగం, ఆస్తి, భార్యాపిల్లలు, నిన్ను మళ్ళీ ఇంటికి లాగేవి ఏమున్నాయో చూపించమంటారు. హైదరాబాద్‌లో అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఎక్కువ కాగితాలు తీసుకుపోకు.

యమున

*

మట్టెవాడ
8 ఆగస్టు 2025

మరదలు యమునకు,

రెండు వీసాలూ వచ్చాయి. నువ్వు ఫోన్లో విన్నావు గానీ హైదరాబాద్‌లో జరిగింది చెప్పలేదు. ఫోన్ మీ అక్క దగ్గరుంది కదా.

ఎక్కువ కాగితాలు వద్దన్నావు, అయినా సంచీ నిండా తీసుకుపోయాను. షాపు లైసెన్స్, ఇంటి పన్ను రసీదు, పెళ్ళి ఫొటో, చివరికి యాదగిరి సార్ ఇచ్చిన సత్ప్రవర్తన పత్రం కూడా. కౌంటర్‌లో ఉన్నమ్మాయి వాటిని కదిలించలేదు. ఫారం చూస్తూ "మీకు పిల్లలు?" అంది. లేరు మేడం అన్నాను. పక్కన కుర్చీలో కాళ్ళాడిస్తూ కూర్చున్న సరళ "నేనున్న గద పెద్దబాపూ" అంది. ఆ అమ్మాయి నావైపు చూసింది, సరళ వైపు చూసింది. ఈమె నా మరదలు బిడ్డ మేడం, తల్లి దగ్గర దింపడానికే పోతున్నాను అని చెప్పాను. తిరిగొచ్చేటప్పుడు దారిలో కోమటిపల్లి దాటేదాకా సరళ నాతో మాట్లాడలేదు.

"దింపి మీరు తిరిగి వస్తారని ఏమిటి నమ్మకం?" అంది ఆ అమ్మాయి. లైసెన్స్ తియ్యబోయాను, చెయ్యి సంచీలోనే ఉండిపోయింది. "ఇంట్ల ఆమె ఒక్కతే ఉంటది మేడం. పిల్ల గూడ ఉండదు. నేను గూడ రాకపోతే ఆమె ఎట్ల ఉంటది?" అన్నాను. ఇంకేమీ అడగలేదు. నాకు ఇంగ్లీషులో మాట్లాడడం రాకపోయినా, ఆ అమ్మాయికి తెలుగు వచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

మీ అక్క సరళ బట్టలు సర్దుతోంది. పెట్టెలో పెడుతుంది, బరువు ఎక్కువవుతుందేమో అని తీస్తుంది, మళ్ళీ పెడుతుంది. నేనేమీ అనడం లేదు. నువ్వు నర్సింగ్‌కు పోయినప్పుడు కూడా ఇట్లాగే చేసింది, అప్పుడు నేను కసురుకున్నాను. నువ్వు ఫోన్ చేసినప్పుడు ఆమెతో రెండు నిమిషాలు ఎక్కువ మాట్లాడు.

టికెట్లు చేసే వినయ్ పొద్దున వచ్చి ప్రింట్లు ఇచ్చిపోయాడు. పోయేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు ఒకటి. మీ అక్క చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "ఒకటి తక్కువ ఉన్నది, మంచిగ చూడు, తప్పు పడ్డదేమో" అంది. నేను కళ్ళద్దాలు పెట్టుకుని పేర్లు, తేదీలు, పాస్‌పోర్టు నంబర్లు అన్నీ మళ్ళీ చూశాను. ఈసారి ఎక్కడా ఏ తప్పూ లేదు.

బావ
రమాకాంత్